బండివాడి ప్రశ్న, మంత్రిగారి యాస: తెలుగు రాజకీయ హాస్యంలో అవిశ్వాసం

రాజకీయ నాయకుణ్ణి నమ్మకపోవడం తెలుగు హాస్యానికి కొత్త కాదు. స్వలాభం చూసుకునే నాయకుడు నాటకంలో, వ్యంగ్యరచనలో, సినిమాలో, టెలివిజన్‌లో మనకు ఎప్పుడూ కనిపిస్తూనే ఉన్నాడు. అయితే ఈ హాస్యాన్నంతటినీ ఒక్క రాశిగా పోసి, ప్రజాచైతన్యానికి నిదర్శనమని ముక్తాయించే అలవాటు మన విమర్శలో ఉంది. ఆ అవిశ్వాసం ఎవరి నోట పలికింది, ఏ భాషలో పలికింది, చివరికి ఎవరి మీద పడింది అన్న ప్రశ్నలు వేసుకుంటే చిత్రం ఇంత సాఫీగా ఉండదు. గురజాడ నాటకంలో నాయకత్వాన్ని నిలదీసిన పామరభాష, 1980ల నాటి సినిమాకు వచ్చేసరికి నమ్మరాని నాయకుడి గుర్తుగా మారింది. ఈ వ్యాసం ఆ మార్పును పరిశీలిస్తుంది.

ఈ రోజు మనం చదువుకుంటున్న 1909 నాటి 'కన్యాశుల్కం'లో గిరీశం ఒక సంగతి చెబుతాడు. బండివాడికి తాను నేషనల్ కాంగ్రెసు గురించి గంటల తరబడి ఉపన్యసించాననీ, అంతా విన్న ఆ మనిషి తమ ఊరి హెడ్ కానిస్టేబుల్‌ను కాంగ్రెసువారు ఎప్పుడు బదిలీ చేస్తారని అడిగాడనీ దాని సారాంశం. ఉపన్యాసాలలో, పత్రికావ్యాసాలలో ఈ ఘట్టాన్ని జనసామాన్యపు రాజకీయ అజ్ఞానానికి ఉదాహరణగా చూపడం వాడుక. ఇది గిరీశం ఉద్దేశించిన అర్థం. గురజాడ ఉద్దేశించినది కూడా అదేనని అనుకోవడానికి ఆధారం లేదు.

బండివాడు రంగస్థలం మీదికి రాడు. అతని ప్రశ్న గిరీశం నోటి మీదుగానే, అదీ తిట్టుతో కలిసి, మనకు చేరుతుంది. మోసగాడే సాక్షి అయినప్పుడు ఆ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలో పాఠకుడే తేల్చుకోవాలి. విజయనగరంలో తగాదాలూ అప్పులూ వెనక వదిలి అగ్రహారం చేరిన గిరీశానికి కాంగ్రెసు ఒక ఉపన్యాస విషయం మాత్రమే. వితంతు వివాహం, ఇంగ్లీషు చదువు, సంఘసంస్కరణ అతనికి ఎలా పనికొచ్చాయో దేశసేవ కూడా అలాగే పనికొస్తుంది. బండివాడి లెక్క వేరు. అతనికి ప్రభుత్వమంటే హెడ్ కానిస్టేబుల్. ఆ ఒక్కణ్ణి కదిలించలేని సంస్థ దేశాన్ని ఎలా కదిలిస్తుందన్న సందేహం అతని ప్రశ్నలో ఉంది. రాజకీయ వాగ్దానాన్ని తన బతుకు కొలమానంతో కొలిచిన ప్రశ్న అది. నవ్వు మొదట బండివాడి మీద పుట్టినా, గిరీశం ఎవరో ఎరిగిన ప్రేక్షకుడి విషయంలో అది వక్త మీదికి తిరుగుతుంది. ఇంగ్లీషు ముక్కలతో నిండిన పట్టణపు మాట మోసగాడిది, పల్లె మాట ప్రశ్నించేవాడిది. ఈ పంపకాన్ని గుర్తుంచుకోవాలి.

స్వాతంత్ర్యానంతరం ముళ్లపూడి వెంకటరమణ 'రాజకీయ బేతాళ పంచవింశతి'లో విక్రమార్కుడి కథాచట్రాన్ని ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాదు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనభంగమై బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. పౌరుడి పరిస్థితికి ఇంతకన్నా దగ్గరి కథారూపం మన సంప్రదాయంలో దొరకదు. నాయకుల గుట్టు అతనికి తెలుసు, చెప్పగలడు, చెప్పాక మళ్లీ మొదటికే రావాలి. బండివాడికి ఉన్న ఎదురుచూపు ఈ చట్రంలో లేదు. జ్ఞానం పెరిగింది, ఆశ తరిగింది. 'రక్తకన్నీరు' నాటకాన్ని నాగభూషణం ఏళ్ల తరబడి ఊరూరా ఆడుతూ సమకాలీన రాజకీయాల మీద చురకలు చేర్చడం మరో దారి. ప్రదర్శన మారినప్పుడల్లా మాట మారగలగడం రంగస్థలానికి ఉన్న వెసులుబాటు, సెన్సారు దాటి వచ్చే సినిమాకు అది లేదు. ఒకసారి ముద్రపడిన పాత్ర, యాస, మేనరిజం సినిమాలో స్థిరపడిపోతాయి. తరువాత జరిగినది అర్థం కావడానికి ఈ తేడా ముఖ్యం.

1978 శాసనసభ కాలంలో రాష్ట్రం నలుగురు ముఖ్యమంత్రులను చూసింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఢిల్లీ నుంచి జరిగిన ఈ మార్పులు రాజకీయాలను పరిహాసాస్పదం చేశాయి. 1982లో ఎన్.టి. రామారావు పార్టీ పెట్టి, 1983 జనవరిలో అధికారానికి రావడానికి ఆ అవిశ్వాసం ఒక ముఖ్య కారణం. వృత్తి రాజకీయనాయకుడి మీద కోపం, తెర మీది పురాణపురుషుడి మీద నమ్మకంగా మారింది. ఆ నమ్మకం కూడా ఎక్కువ కాలం వ్యంగ్యానికి అందకుండా ఉండలేదు. 1987 నాటి 'మండలాధీశుడు'లో కోట శ్రీనివాసరావు ఆయన్ని తలపించే పాత్ర వేశారు.

అంతకు రెండేళ్ల ముందు, 1985లో, టి. కృష్ణ దర్శకత్వంలో 'ప్రతిఘటన' వచ్చింది. కోట శ్రీనివాసరావుకు పేరు తెచ్చిన మంత్రి కాశయ్య పాత్ర ఇందులోదే. కాశయ్య తెలంగాణ యాసలో మాట్లాడతాడు. అవినీతి, నేరస్థుల అండ, పదవీవ్యామోహం అన్నీ ఆ యాసలోనే ప్రేక్షకుడి చెవిన పడతాయి. ఎదురుగా అధ్యాపకురాలు ఝాన్సీ ఉంది. తరగతి గదిలో ఆమె గొంతు విప్పే సన్నివేశానికి వేటూరి భారతకథ ప్రతీకలతో, సంస్కృత పదభూయిష్ఠమైన పాట రాశారు. చిత్రంలో ఆగ్రహానికి గ్రంథస్థమైన భాష, దౌష్ట్యానికి మాండలికం దక్కాయి. గురజాడ చేసిన పంపకం ఇక్కడ పూర్తిగా తిరగబడింది. ప్రశ్నించేది విద్యావంతురాలి శిష్టభాష, మోసగించేది పల్లెయాస.

ఇది కేవలం సహజత్వం కోసం చేసిన ఎంపిక అనవచ్చు. తెలంగాణ ప్రాంతపు మంత్రి తెలంగాణ మాటలు మాట్లాడడంలో తప్పేముంది? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. కాబట్టి పోలికకు 'ముత్యాలముగ్గు' (1975)ను తీసుకుందాం. ముళ్లపూడి మాటలు రాసిన ఆ చిత్రంలో రావు గోపాలరావు పోషించిన కాంట్రాక్టరు కూడా స్వార్థపరుడే, నవ్విస్తూనే కుట్ర పన్నేవాడే, అతని మాటా గోదావరి జిల్లాల పలుకుబడే. అయినా ఆ పాత్ర చూసి గోదావరివాళ్లు కుట్రదారులన్న భావం ఎవరికీ కలగలేదు. కలగకపోవడానికి కారణం ఆ చిత్రపు భాషాపర్యావరణం. అందులో మంచివాళ్లూ అదే నేల మాటకు దగ్గరగా మాట్లాడతారు. కాంట్రాక్టరు మాట ఆ వ్యక్తి చమత్కారంగా వినిపిస్తుంది. కోస్తా విద్యావంతుల భాష ప్రమాణంగా స్థిరపడిన సినిమాలో సానుభూతి పొందే పాత్రలు ఆ ప్రమాణంలో మాట్లాడుతుండగా, కాశయ్య మాట మాత్రం జాతిలక్షణంగా వినిపిస్తుంది. మాండలికాన్ని వాడడం వేరు, గుర్తుగా వాడడం వేరు.

ఫలితం రెండు విధాలుగా కనిపిస్తుంది. మొదటిది, అవిశ్వాసం వ్యవస్థ నుంచి ఉచ్చారణ మీదికి జారింది. మంత్రి ఏ ఫైలు మీద ఏ సంతకం పెట్టాడు, ఎవరి భూమి పోయింది అన్న వివరాలతో నిమిత్తం లేకుండా యాస వినగానే మనిషి ఎలాంటివాడో తెలిసిపోయే ఏర్పాటు ఇది. విలన్, హాస్యగాడు తెలంగాణ యాసలోనూ, నాయకుడు ప్రామాణిక భాషలోనూ మాట్లాడే రివాజు మీద తెలంగాణ ఉద్యమకాలంలో బలమైన విమర్శ వచ్చింది. దానిని ప్రాంతీయ గౌరవ సమస్యగా చర్చించారు, అది న్యాయం. కానీ అది రాజకీయ హాస్యంలోని లోపం కూడా. ప్రాంతాన్ని చూసి నవ్వించే వ్యంగ్యం తన అసలు గురి తప్పుతుంది.

రెండవది, పాత్ర ప్రీతిపాత్రమైంది. కోట అభినయంలోని సమయస్ఫూర్తి, గొంతు, కనురెప్పల కదలిక ప్రేక్షకుణ్ణి ఎంతగా ఆకట్టుకున్నాయంటే అవినీతిపరుడు వినోదంగా మారాడు. 'గణేష్' (1998)లో ఆయన వేసిన ఆరోగ్యమంత్రి పాత్ర భీకరమైనది, అయినా ఆ మంత్రి మాటతీరును నవ్వుతూ గుర్తుచేసుకునేవారే ఎక్కువ. సిసలైన నటుడికి ఇది కీర్తి. వ్యంగ్యానికి మాత్రం ఇది చిక్కు. 1999 శాసనసభ ఎన్నికల్లో కోట శ్రీనివాసరావు విజయవాడ తూర్పు నుంచి బి.జె.పి. తరఫున, తెర మీద ఆయనకు జోడీగా పేరుపడిన బాబూమోహన్ అందోలు నుంచి తెలుగుదేశం తరఫున గెలిచారు. నాయకుల్ని ఆటపట్టించిన జంట ఒకే సభలో కూర్చుంది. వారి ప్రజాజీవితాన్ని తూచడం ఇక్కడ ఉద్దేశం కాదు. తెర మీద దొంగమంత్రిగా చూసి నవ్వుకున్న మనిషికే ఓటరు ఓటు వేయగలిగాడంటే, ఆ నవ్వులో అవిశ్వాసం పాలు మనం అనుకునేదాని కంటే తక్కువని ఒప్పుకోవాలి. నటుడికీ పాత్రకూ భేదం తెలిసిన ప్రేక్షకుడి పరిణతి అది అని వాదించేవారూ ఉంటారు. రెండూ నిజం కావచ్చు.

రాష్ట్ర విభజన తరువాతి ఏళ్లలో ఈ పంపకం మళ్లీ కదిలింది. వి6 ఛానల్‌లో 'తీన్మార్' వార్తలు తెలంగాణ యాసలో సాగాయి. బిత్తిరి సత్తి వేషం కట్టిన పల్లెటూరి అమాయకుడు అధికార విషయాల మీద తెలిసీ తెలియనట్టు ప్రశ్నలు వేస్తాడు. రూపంలో ఇతను బండివాడికి చుట్టం, తేడా ఏమిటంటే ఇతని మాట మరొకరి నోటి మీదుగా రానక్కరలేదు. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. ఆ కార్యక్రమం ద్వారా పేరు పొందిన తీన్మార్ మల్లన్న 2024లో పట్టభద్రుల నియోజకవర్గం నుంచి శాసనమండలికి ఎన్నికయ్యారు. మరోవైపు ఉద్యమనాయకుడిగానూ, ముఖ్యమంత్రిగానూ కె. చంద్రశేఖరరావు ప్రసంగాలలో పిట్టకథ, సామెత, ఎత్తిపొడుపు ప్రధాన సాధనాలు. సభలో జనం నవ్వేది నాయకుడి మీద కాదు, నాయకుడితో కలిసి ఆయన ప్రత్యర్థుల మీద. యాస ఇప్పుడు గుర్తుగా పనికిరాదు. అధికారంలో ఉన్నవాడూ, అధికారాన్ని ఎగతాళి చేసేవాడూ ఒకే పలుకుబడిలో, ఒకే సామెతలతో మాట్లాడుతున్నారు. ఎవరు ఎవరిని నవ్విస్తున్నారో తేల్చుకోవడానికి విమర్శకుడికి ఇక ఉచ్చారణ చాలదు. హెడ్ కానిస్టేబుల్ బదిలీ లాంటి ప్రశ్న ఆ మాటల్లో ఎక్కడైనా ఉందా అని వెతకాలి.