దత్తాంశసూచికలు: సంజ్ఞాసంజ్ఞివివేకము

ప్రభుత్వముల దత్తాంశములను సర్వజనులకు నందిచ్చు ద్వారములు నేఁడు పెక్కు గలవు. భారతప్రభుత్వము 2012వ సంవత్సరమున నిట్టి ద్వారమును దెఱచెను. ఇట్టి సూచికల కుపయోగించుటకై వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమువారు 'డీక్యాట్' అను పదకోశమును 2014వ సంవత్సరమునఁ బ్రకటించిరి; దాని మూఁడవ పాఠము 2024వ యేఁట వెలువడెను.

ఈ కోశమున ముఖ్యమగు గుణ మొకటి కలదు. దత్తాంశసముదాయము వేఱు, అది లభించు ఫైలు వేఱు అని యిది విభజించినది. ఒక్క పట్టికయే సీఎస్‌వీగను, జేసన్‌గను రావచ్చును. ధ్వనులు పలువైనను స్ఫోట మొక్కటియే యను వైయాకరణులకు నీ భేదము క్రొత్త గాదు.

ఇఁక దోషము. స్థలకాలములఁ దెలుపుటకు దగిన పదములను గోశ మిచ్చినదే కాని, వాని నవశ్యముగ వ్రాయవలెనని విధింపలేదు. అందుచే సూచికారులు శీర్షికతోడనే తృప్తి నొందుటకు వీలు గలిగినది. 'ఆదిలాబాదు జిల్లా' యను శీర్షికను జూడుఁడు. 2011వ సంవత్సరపు జనగణనమున నా పేరఁ బరగిన భూమి 2016 అక్టోబరున నాలుగు జిల్లాలుగ విభక్తమైనది. అం దొకటి పూర్వనామమునే వహించినది. సంజ్ఞ యొక్కటియే, సంజ్ఞి వేఱు. కాలము వ్రాయని సూచికను నమ్మి యీ రెండు సంఖ్యలను బోల్చువాఁడు జనము తఱిగెనని భ్రమించును. పాఠశాలలును వైద్యశాలలును నా భ్రమ ననుసరించియే కేటాయింపఁబడవచ్చును.

విధులు హెచ్చినచో సూచికలే వెలువడవని కొందఱందురు. గళ్లు పెరిగినకొలఁది గుమాస్తాకు విసుగు పుట్టుట నిజమే. కాని స్థలము, కాలము, కర్త యను మూఁటిని విధించిన చాలును. సూత్రమున కల్పాక్షరత్వ మెంత ముఖ్యమో, యసందిగ్ధత్వము నంత ముఖ్యము.