ప్లస్సూ మైనస్సూ మారితే

ఇన్వర్టర్‌కి కొత్త బ్యాటరీ తగిలించేటప్పుడు ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారైతే లోపల కరెంటును ఆన్ ఆఫ్ చేసే మోస్‌ఫెట్లు పోతాయని, బోర్డు మాడిపోతుందని రిపేరు తెలిసినవాళ్లెవరైనా చెబుతారు. తప్పు తగిలించినవాడిదేనని కూడా అదే నోటితో తేల్చేస్తారు. ఈ తీర్పు నాకు అన్యాయంగా తోస్తుంది. వంద ఆంపియర్లు లాగే పెట్టెను తయారుచేసేవాళ్లు ఈ పొరపాటును ముందే లెక్కలోకి తీసుకోవాలి. వాహనాల పరిశ్రమ ఈ మాట ఎప్పుడో ఒప్పుకుంది. బండ్లలో వాడే ఎలక్ట్రానిక్ యూనిట్లకు ఐఎస్ఓ 16750-2 ప్రమాణం చెప్పే పరీక్షల్లో, 12 వోల్టుల వాటికి 14 వోల్టులను ఉల్టాగా 60 సెకన్లపాటు ఇవ్వడం ఒకటి. మెకానిక్ ఎప్పుడో ఒకప్పుడు పొరబడతాడని ముందే అనుకుని రాసుకున్న పరీక్ష అది. మన ఇళ్లలో బ్యాటరీ తగిలించే పని ఎలా జరుగుతుంది? కరెంటు పోయిన చీకట్లో, సెల్‌ఫోన్ లైటు పట్టుకుని, మూలన ఇరికించిన ట్రాలీ వెనక్కి వంగి. కోన్ ఆకారపు టెర్మినళ్లున్న బ్యాటరీల్లో ప్లస్ పోస్టు మైనస్ కంటే కాస్త లావుగా ఉంటుంది, చేతికే తేడా తెలుస్తుంది. రెండువైపులా ఒకే సైజు బోల్టు బిగించే బ్యాటరీల్లో ఆ ఆసరా కూడా లేదు.

మోస్‌ఫెట్‌ను ఆఫ్‌లో ఉంచినా, దాని నిర్మాణంలోనే ఒక డయోడు ఉంటుంది. మామూలుగా అది కరెంటుకు ఎదురు తిరిగి ఉంటుంది కాబట్టి పేచీ లేదు. ప్లస్ మైనస్ మారిన క్షణంలో మోస్‌ఫెట్ల బ్రిడ్జిలో పైనున్న డయోడూ కిందున్న డయోడూ కలిసి బ్యాటరీకి నేరుగా దారి తెరుస్తాయి. ఇక కరెంటుకు అడ్డంగా మిగిలేది కేబుల్ నిరోధం, బ్యాటరీ లోపలి నిరోధం మాత్రమే. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో అది కొన్ని మిల్లీఓములు. వెయ్యి ఆంపియర్లు దాటడం ఎంతసేపు! ఫ్యూజు ఉందిగా అంటారు. ఉంది, ఉండాలి కూడా. కానీ ఫ్యూజు కరగడానికి కొంత సమయం కావాలి, ఆలోపు చిన్న సిలికాన్ ముక్క పేలిపోవచ్చు. అందుకే కొందరు ఆ ఉల్టా కరెంటును తన మీద వేసుకునేలా ఒక పెద్ద డయోడును బ్యాటరీ ప్లస్, మైనస్‌ల మధ్య పెడతారు. ఫ్యూజు కరిగేదాకా ఆ డయోడు తట్టుకునేలా లెక్క కుదిరితే బోర్డు బతుకుతుంది. అయితే ఆ రాత్రికి ఇంట్లో స్పేర్ ఫ్యూజు ఉండదు, దాని స్థానంలో రాగి తీగ చుట్టేస్తారు. ఆ తర్వాత రక్షణ అన్నది లేనట్టే.

అందుకే ఎక్కువ కరెంటున్న చోట ఉల్టా బ్యాటరీని ఫ్యూజు కాల్చి ఆపడం కంటే లోపలికే రానివ్వకపోవడం మేలంటాను. వరసలో ఒక షాట్కీ డయోడు పెడితే చాలదా అని అడగవచ్చు. వంద ఆంపియర్ల దగ్గర అర వోల్టు పడినా 50 వాట్లు వేడి కింద పోతాయి. పైగా ఇన్వర్టర్ అదే తీగల మీద బ్యాటరీని ఛార్జి కూడా చేయాలి, డయోడు ఆ దారినే మూసేస్తుంది. లోపలి డయోడు ఉల్టా బ్యాటరీకి ఎదురు తిరిగేలా మోస్‌ఫెట్‌ను వరసలో పెడితే ఈ రెండు చిక్కులూ తీరతాయి. ఆన్‌లో ఉన్నప్పుడు అది రెండు దిక్కులకూ కరెంటునిస్తుంది. ఒక మిల్లీఓము ఉన్నదైతే వంద ఆంపియర్లకు 10 వాట్లు ఖర్చు, రెండిటిని పక్కపక్కన కలిపితే 5 వాట్లే. ధర పెరుగుతుందన్న మాట నిజమే. కానీ బ్రిడ్జిలో ఇప్పటికే ఎన్నో మోస్‌ఫెట్లు కొని పెట్టినవాళ్లు, వాటిని కాపాడటానికి ఇంకో రెండు కొనలేమంటే నమ్మబుద్ధి కాదు. మోస్‌ఫెట్‌కు బదులు కాంటాక్టర్ (పెద్ద రిలే) వాడేచోటైతే ఖర్చు ఇంకా తక్కువ: దాని కాయిల్‌కు ఒక చిన్న డయోడు తగిలిస్తే, బ్యాటరీ ఉల్టాగా ఉన్నప్పుడు అది అసలు పట్టుకోదు.

దీనిలోనూ ఒక లొసుగుంది. మెయిన్స్ ఆన్‌లో ఉండగానే పాత బ్యాటరీ ఊడదీసి కొత్తది తగిలిస్తే, ఛార్జర్ లోపలి నుంచి ఇచ్చే వోల్టేజితో ఆ మోస్‌ఫెట్, ఆ కాంటాక్టర్ ఆన్‌లోనే ఉంటాయి. అప్పుడు తారుమారైన బ్యాటరీ నేరుగా లోపలికి వచ్చేస్తుంది. కాబట్టి బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరి వోల్టేజిని విడిగా చూసి, దిక్కు సరిగ్గా ఉంటేనే స్విచ్చి వేసే సర్క్యూట్ కావాలి. తయారీదారు బెంచి మీద చేయాల్సిన పరీక్ష కూడా ఇదే: మెయిన్స్ ఆన్‌లో ఉంచి, బ్యాటరీని ఉల్టాగా తగిలించి చూడటం.