గుజరీ అంగట్లో రాగి లెక్క

కర్నూలు, కడప పల్లెల్లో బోరెండితే పైకి లాగిన మోటారు కేబుల్ చాలాసార్లు గుజరీ అంగడికే చేరుతుంది. పై తొడుగు ఒలిచి అమ్మాలా, అలాగే తూకం వేయాలా అని తేల్చే అక్కడి పనివాడి నేర్పుకు దండం పెట్టాలి. అతను కేబుల్ కొస కోసి, రాగి ఎంత లావుందో, తొడుగు ఎంత మందముందో చూస్తాడు. కిలోకు 650 గ్రాముల రాగి ఉందనుకుంటే, ఒలవని సరుకు ధర ఉత్త రాగి ధరలో 65 శాతానికి ఎంత తగ్గితే అంతే అతని కూలి. లావు తీగకు అది గిట్టుతుంది. వెంట్రుకల్లాంటి పోగులున్న సన్న వైరుకు గిట్టదు, దాన్ని ఒలవకుండా అమ్మడమే తెలివి.

ఇంత శ్రమెందుకు, కాల్చేస్తే సరిపోదా అంటారు కొందరు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడు, డయాక్సిన్లు వెలువడతాయి. ఆ పొగ ముందు పీల్చేది కాల్చినవాడే. పైగా రాగి నల్లబడి ధర పడిపోతుంది. కత్తితో నిలువునా చీరి తీసిన తీగ మాత్రం ఎర్రగా మెరుస్తూ మంచి ధరకే పోతుంది.