ఒకే రూపం, రెండు చరిత్రలు

పాత కట్టడాల మీద రాసేటప్పుడు మన కవులకు రెండే దారులు కనిపిస్తున్నాయి. అందానికి ముగ్ధులైపోవడం ఒకటి. ‘వలసపాలన చిహ్నం’ అని ఒక్కమాటతో కొట్టిపారేయడం రెండవది. రెండింటిలోనూ చారిత్రక దృష్టి లోపించింది. సికిందరాబాదులోని సెయింట్ మేరీస్ చర్చిని ఉదాహరణగా తీసుకుంటాను.

సరోజినీదేవి రోడ్డు మీద నిలబడి చూస్తే మొనదేలిన కమానులు, గోడలకు ఊతగా కట్టిన దిమ్మెలు, పైకెగసిన శిఖరాలు: మధ్యయుగాల యూరపులో పుట్టిన గోతిక్ రూపమే. ఐరిష్ మతగురువు డేనియల్ మర్ఫీ 1840లో పని మొదలుపెట్టించగా 1850 నాటికి పూర్తయింది. ఎవరికోసం? ముఖ్యంగా కంటోన్మెంటులోని ఐరిష్ కాథలిక్ సోల్జర్లకోసం. 1830 నాటికి బ్రిటిష్ సైన్యంలో పదిమందికి నలుగురు ఐరిష్‌వారే. వారి దేశమూ ఇంగ్లండు ఏలుబడిలోదే. ఇక్కడ ఈ గోడలు లేస్తున్న కాలంలోనే, 1845 నుంచి, అక్కడ బంగాళాదుంప పంట తెగులుతో కుళ్ళిపోయి, వచ్చిన కరువులో సుమారు పదిలక్షలమంది చనిపోయారు.

బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. అదీ గోతిక్ రూపమే. కాని దానికి విక్టోరియా రాణి సొంత సొమ్ము ఇచ్చిందని ప్రసిద్ధి. 1983 నవంబరులో రెండవ ఎలిజబెత్ రాణి తన పెళ్ళిరోజున అక్కడికే వచ్చింది. అది పాలకుల గుడి. ఇది పాలకుల తుపాకి మోసిన పాలితుల గుడి. రూపం ఒకటే, సారం వేరు.

అలాగని ఐరిష్ సోల్జరు మీద జాలితో ఆగిపోతే అదీ అర్ధసత్యమే. అతని జీతం ఎక్కడిది? 1798 ఒప్పందం ప్రకారం హైదరాబాదు రాజ్యంలో ఉంచిన కంపెనీ సేన ఖర్చుకింద నిజాం 1800లో బళ్ళారి, కడప ప్రాంతాలను కంపెనీకి వదిలేశాడు. అవే దత్తమండలాలు. అంటే ఆకలిదేశం నుంచి వచ్చినవాడి జీతం వెనుక మరో కరువుసీమ రైతు కట్టిన శిస్తు ఉంది.

2008లో ఈ చర్చికి బసిలికా హోదా వచ్చింది. హోదాలు, మతగురువుల పేర్లు చరిత్రకెక్కుతాయి. రాళ్ళెవరు మోశారని అడగడం శ్రీశ్రీ మనకు నేర్పాడు. మనం ఆ ఒక్క ప్రశ్ననే వల్లెవేస్తున్నాం. శిస్తు ఎవరు కట్టారు, తుపాకి ఎవరు మోశారు, ఏ ఆకలి వారిచేత మోయించింది అని కూడా అడగాలి. అలా అడిగిన కవితలోనే ఆ కమాను అందమూ, దాని ఖరీదూ రెండూ కనిపిస్తాయి.