కార్నెగీ చింత, వీక్స్ దడ

మనసు బాగోలేదని ఎవరైనా చెప్పుకుంటే మన ఇళ్లలో మొదట వినపడే మాట ఒకటే: "ఊరికే ఆలోచించకు, ఏదో ఒక పనిలో పడు, అదే పోతుంది." ప్రేమతోనే అంటారు. చాలామందికి పనికొస్తుంది కూడా. పనికిరానివాళ్లు మాత్రం లోపం తమలోనే ఉందనుకుని, మళ్లీ ఎవరికీ చెప్పుకోరు. ఈ సలహాను పుస్తకంగా చదవాలంటే డేల్ కార్నెగీ 1948లో తెచ్చిన 'హౌ టు స్టాప్ వర్రీయింగ్ అండ్ స్టార్ట్ లివింగ్' ఉంది. ఆ సలహాతో గట్టెక్కలేనివాళ్ల కోసం ఆస్ట్రేలియా డాక్టర్ క్లేర్ వీక్స్ 1962లో 'సెల్ఫ్ హెల్ప్ ఫర్ యువర్ నెర్వ్స్' రాసింది. కార్నెగీ మనవాళ్లకు బాగా తెలిసినవాడు, తెలుగులోకీ వచ్చాడు. వీక్స్ పేరు మన దగ్గర విన్నవాళ్లే తక్కువ. ఈ ఎక్కువతక్కువలు నాకు న్యాయంగా అనిపించవు.

కార్నెగీ డాక్టరు కాదు. మిస్సోరీలో రైతుబిడ్డగా పుట్టి, 1912 నుంచి న్యూయార్క్ వైఎంసీఏలో పెద్దవాళ్లకు ఉపన్యాసకళ నేర్పినవాడు. తరగతికి వచ్చే ఉద్యోగులనూ వ్యాపారులనూ చూస్తూ, వీళ్లందరి మీదా ఉన్న పెద్ద బరువు చింతేనని గ్రహించాడు. అందుకే ఆయన పుస్తకం తరగతిగదిలా నడుస్తుంది. ఒక సూత్రం, దాన్ని పాటించి బాగుపడిన మనిషి కథ, మళ్లీ ఇంకో సూత్రం.

ఆ కథల్లో అన్నిటికన్నా గట్టిది విల్లిస్ కారియర్‌ది. ఎయిర్ కండిషనింగ్‌తో పేరు మోగిన కారియరే. కుర్రతనంలో ఆయన ఒక గాజు కర్మాగారంలో గ్యాసును శుభ్రంచేసే యంత్రం బిగించాడు. అది ఒప్పుకున్నట్టు పనిచేయలేదు. కడుపులో తిప్పడం, నిద్రపట్టకపోవడం మొదలయ్యాయి. అప్పుడు కూర్చుని తనను తాను అడిగాడు: మహా అయితే ఏమవుతుంది? జైల్లో వెయ్యరు. కంపెనీకి 20,000 డాలర్లు పోవచ్చు, తన ఉద్యోగం పోవచ్చు. సరే, పోనీ అని ఆ నష్టానికి ముందుగానే మనసును ఒప్పించాడు. చాలా రోజుల తర్వాత ఒళ్లు తేలికపడింది. తర్వాత నిదానంగా పరీక్షలు చేసి, ఇంకో 5,000 డాలర్ల సామగ్రి పెడితే చాలని తేల్చాడు. నష్టం రావలసిన చోట కంపెనీకి 15,000 డాలర్లు మిగిలాయి.

ఈ కథ నిజంగా మంచిది. అప్పు తీర్చే గడువు దగ్గరపడినవాడికి, ప్రాజెక్టు చేజారిపోతున్న ఉద్యోగికి, ఫలితాల కోసం చూస్తున్న విద్యార్థికి ఈ మూడు మెట్లు ఇవాళా చెప్పొచ్చు. అయితే ఒకటి గమనించాలి. కారియర్ చింతకు ఒక వస్తువు ఉంది, ఎదురుగా ఒక యంత్రం ఉంది. దాన్ని బాగుచేస్తే చింత పోతుంది.

వస్తువే లేని భయం ఉంటుంది. బస్సులో కూర్చున్నవాడికి ఏ కారణమూ లేకుండా గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, ఊపిరి అందనట్టవుతుంది. ఈసీజీ తీయిస్తే బాగానే ఉందంటారు. మర్నాడు ఆ బస్సు ఎక్కడానికే భయం. అతన్ని 'మహా అయితే ఏమవుతుంది' అని అడిగితే 'చచ్చిపోతాను' అంటాడు. ఆ జవాబుకు మనసును ఒప్పించుకోవడం ఎవరి తరం? కారియర్ సూత్రం ఇక్కడికొచ్చి ఆగిపోతుంది. వీక్స్ ఇక్కడ మొదలుపెడుతుంది.

ఆమెకు ఈ దడ పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. మొదట ఆమె జంతుశాస్త్రజ్ఞురాలు. గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కనే బల్లిజాతుల మాయ (ప్లాసెంటా) మీద పరిశోధన చేసింది. సిడ్నీ విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా అందుకున్న మొదటి మహిళ ఆమే. వయసులో ఉండగా క్షయ అని పొరబడి ఆమెను శానటోరియంలో ఉంచారు. బయటికొచ్చాక గుండెదడ పట్టుకుంది. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చిన స్నేహితుడొకడు, కందకాల్లో సైనికులందరి గుండెలూ అలాగే కొట్టుకునేవని, అది భయం చేసే పనేనని, దానితో పోట్లాడొద్దని చెప్పాడు. ఆ మాట ఆమె మరిచిపోలేదు. తర్వాత ఎన్నో ఏళ్లకు వైద్యం చదివి, 1945లో డాక్టరైంది.

పుస్తకమంతటికీ పునాది ఆమె చూపించిన ఒక తేడా. మొదటి భయం మన చేతిలో లేదు. అలసిపోయి, చిన్నదానికే ఉలిక్కిపడే స్థితికి వచ్చిన నరాలు దాన్ని మెరుపులా పంపిస్తాయి. దాని వెనకే 'అయ్యో, మళ్లీ వచ్చింది, ఏమైపోతానో' అంటూ రెండో భయాన్ని మనమే కలుపుతాం. దాంతో అడ్రినలిన్ మరింత పెరుగుతుంది, దడ హెచ్చుతుంది, దాన్ని చూసి ఇంకా భయపడతాం. ఈ చక్రం తెగాలంటే ఆమె చెప్పేవి నాలుగు: ఎదురుపడు, ఒప్పుకో, తేలిపో, కాలాన్ని గడవనివ్వు. తేలిపోవడమంటే నీళ్లమీద వెల్లకిలా పడుకున్నవాడిలా ఒళ్లు బిగించకుండా, దడ ఉండగానే, చేస్తున్న పని సాగించడం. ముందు డాక్టరుకు చూపించుకుని ఇది నరాల సంగతేనని నిర్ధారించుకోండని కూడా చెబుతుంది. బాధ్యత తెలిసిన రచన అది.

ఇద్దరూ 'ఒప్పుకో' అన్నవాళ్లే. కానీ కార్నెగీ రాబోయే నష్టాన్ని ఒప్పుకోమంటాడు, వీక్స్ ఇప్పుడు ఒంట్లో ఉన్న దడను ఒప్పుకోమంటుంది. నష్టం రేపటిది, దానిమీద ఆలోచన పనిచేస్తుంది. దడ ఈ క్షణంలోది, ఆలోచించేకొద్దీ పెరుగుతుంది. 'తీరిక లేకుండా ఉండు, చింతకు చోటే ఉండదు' అని కార్నెగీ ఒక అధ్యాయమంతా చెప్పాడు. బస్సులో దడ వచ్చినవాడు అదే పాటిస్తే అతని రోజంతా దడనుంచి పారిపోవడంగా మారుతుంది. వీక్స్ కూడా పని చేసుకోమనే చెబుతుంది, పారిపోవడానికి కాదు.

ఏ పనిమీదా మనసు లేకపోవడం గురించి కూడా ఇద్దరివీ వేర్వేరు దారులు. ఫ్రెంచి రాకుండానే పారిస్‌లో ఇంటింటికీ తిరిగి స్టీరియోస్కోపులు అమ్మిన కాల్టెన్‌బోర్న్‌ను కార్నెగీ చూపిస్తాడు. ఆయన రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి తనకు తానే హుషారు మాటలు చెప్పుకునేవాడట. విసుగు పుట్టినవాడికి ఇది మంచి మందే. నెలల తరబడి భయపడి భయపడి లోపల ఖాళీ అయిపోయినవాడు అదే అద్దం ముందు నిలబడితే కనిపించేది తన ఓటమే. వీక్స్ ఆ నిరుత్సాహాన్ని సోమరితనమనదు, అలసట అంటుంది. ఉత్సాహం వచ్చాక చేద్దామని కూర్చోవద్దు, లేదని తిట్టుకోవద్దు, ఉన్నంతలో చేస్తూ కాలాన్ని గడవనివ్వు అంటుంది. ఈ మాటలో ఉన్న దయ కార్నెగీలో నాకు దొరకలేదు.

రచనగా చూస్తే కార్నెగీదే పైచేయి. ఏ పేజీ తెరిచినా చదివిస్తాడు. వీక్స్ చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతుంది. అయితే భయంతో వణుకుతున్నవాడికి ఒకసారి చెబితే చెవికెక్కదు, అందుకని ఆ పునరుక్తి నాకు తప్పుగా తోచలేదు. ఇద్దరిలోనూ లోటు ఇంకోచోట ఉంది. జీతం చాలనివాడి చింత, ఇంట్లో దెబ్బలు తినే ఆడమనిషి భయం మనసును మార్చుకున్నంతలో తీరేవి కావు. ఇద్దరూ ఆ వైపు దాదాపు చూడలేదు.

తగ్గిందనుకున్నది తిరగబెట్టినప్పుడు ఈ పుస్తకాల తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కార్నెగీ కథలన్నీ గెలుపు దగ్గర ముగుస్తాయి. ఆరునెలలు హాయిగా ఉండి, ఒకనాటి సాయంత్రం మళ్లీ దడ వచ్చినవాడు ఆ కథలు చదివితే తానొక్కడే ఓడిపోయానని అనుకుంటాడు. వీక్స్ ఈ తిరగబెట్టడాన్ని ముందే ఊహించింది. పాత చోటో, పాత వాసనో గుర్తుకొచ్చి నరాలు మళ్లీ ఉలిక్కిపడతాయని, అంతమాత్రాన మొదటికి వచ్చినట్టు కాదని, అప్పుడు చేసిందే ఇప్పుడూ చేయమని ఆ సాయంత్రం కోసమే రాసిపెట్టింది.