విడుదలైన స్త్రీ: మన సాహిత్యం విడిచిపెట్టిన అధ్యాయం

జైలు మన సాహిత్యానికి కొత్త వస్తువు కాదు. సంకెళ్ళు, సెల్లులు, నిరాహారదీక్షలు దండిగా వర్ణించాం. కాని విడుదలై యింటికొచ్చిన మనిషి మర్నాడు పొయ్యి యెలా రాజేసిందో రాసినవారు తక్కువ. ఆ మనిషి స్త్రీ అయితే మరీ తక్కువ. ఈ లోపం వస్తువుది కాదు, దృక్పథానిది. నెల్లూరు తీరమే యిందుకు సాక్ష్యం.

పొణకా కనకమ్మగారు (1892–1963) శాసనోల్లంఘనోద్యమంలో రాయవెల్లూరు జైలుకు వెళ్ళారు. ఆ శిక్ష ఆమెకు గౌరవం తెచ్చింది. బయట ఆమె కోసం ఒక ఉద్యమం వుంది, 1923లో తాను స్థాపించిన కస్తూరిదేవి విద్యాలయం వుంది, చేతిలో కలం వుంది. అయినా ఆమె ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ అచ్చయింది 2011లో. అంటే ఆమె మరణించిన 48 ఏళ్ళకు! పేరూ చదువూ వున్న ఖైదీ గొంతే యింత ఆలస్యంగా వినబడితే, అవి రెండూ లేని స్త్రీ మాటేమిటి?

ఆ స్త్రీ అదే జిల్లాలో వున్నది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్మెంటులోనూ, బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలోనూ ఎరుకల కుటుంబాలను నిర్బంధించారు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం వారిని శిక్షించింది నేరం చేసినందుకు కాదు, ఆ కులంలో పుట్టినందుకు. హాజరు పలకాలి, అనుమతి లేనిదే పొలిమేర దాటకూడదు. బిడ్డలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా ఆ చట్టం సర్కారుకిచ్చింది. ఈ తల్లికి ఊరే జైలు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. కాని ఆమెకు పూలదండ వేసినదెవరు?

వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటివారు ఈ జనం మధ్య జీవితకాలం పనిచేశారు. 1962లో యానాదుల మీద గ్రంథమూ రాశారు. అది విలువైన కృషి. అయితే అది ఆమె గురించి మరొకరు చెప్పిన మాట. ఆమె చెప్పిన మాట యింకా రావలసే వుంది.

ఈ ఖాళీని సినిమా తన పద్ధతిలో నింపింది. ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ (1991), ‘టైగర్ నాగేశ్వరరావు’ (2023) సెటిల్మెంటు ఊరి పేరునూ, దాని దొంగ పేరునూ తెరకెక్కించాయి. కథ మాత్రం మగవాడి చుట్టూనే తిరిగింది. మన అభ్యుదయ కథకులమూ ఈ దోషానికి అతీతులం కాము. మన కథల్లో ఆమె జైలు గేటు దగ్గర యెదురుచూసే భార్య. లేదా దయగల పెద్దమనిషి చలవతో ‘మారిపోయిన’ పతిత. రెండుచోట్లా ఆమెకు తన ఆర్థిక జీవితమంటూ లేదు. సంస్కరణ కథ యెప్పుడూ ఆమె గుణాన్నే ప్రశ్నిస్తుంది; ఆమెకు కూలి యెవరిచ్చారు, యింటిస్థలం యెవరిచ్చారు అని అడగదు.

వాస్తవం యింకా కఠినమైనది. మన రాష్ట్రంలో స్త్రీల ప్రత్యేక కారాగారాలు కడపలో, రాజమహేంద్రవరంలో వున్నాయి. సముద్రపుటొడ్డు పల్లె నుంచి అంతదూరం ములాఖత్తుకు పోవాలంటే కుటుంబం కూలి పోగొట్టుకోవాలి. తల్లితోపాటు జైల్లో బిడ్డ ఆరేళ్ళ వరకే వుండవచ్చునని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది; ఆ కేసు ఆంధ్రప్రదేశ్ మీద వచ్చినదే. ఏడో యేట ఆ బిడ్డ యెవరి గడప తొక్కుతుంది? జైలు నియమావళులలోని కులభేదాలు చెల్లవనీ, రిజిస్టర్లలో కులం గడి వుండరాదనీ 2024 అక్టోబరులో అదే కోర్టు తీర్పిచ్చింది. చట్టం రద్దయిన 72 యేళ్ళకు కూడా ఆ మాట చెప్పవలసి వచ్చిందంటే, ముద్ర కాగితం మీద నుంచి యెంత నెమ్మదిగా చెరుగుతుందో గ్రహించవచ్చు. జనం మనసులోంచి అది చెరగడం సాహిత్యం పని.

కనుక విడుదలైన స్త్రీ కథ చేతికొచ్చినప్పుడు విమర్శకుడు ఆమె పశ్చాత్తాపపడిందా అని అడగనక్కరలేదు. ఆమెకు పని దొరికిందా? బిడ్డ తిరిగి ఒడికి చేరిందా? ఊళ్ళో దొంగతనం జరిగిన రాత్రి ఆమె నిద్రపోగలిగిందా? ఈ మూడింటికీ జవాబు లేని కథ యెంత కరుణతో రాసినా అసంపూర్ణమే. అన్నిటికన్నా ముఖ్యం, ఆ కథను ఆమే చెప్పుకునే రోజు కోసం మన పత్రికల్లో చోటు సిద్ధం చేయాలి. అందుకు మరో 48 యేళ్ళు ఆగనక్కరలేదు.