మేఘదూతమునందలి హంస

వర్షారంభమున హంసలు మానససరోవరమునకేగుననియు, క్రౌంచరంధ్రము వానికి ద్వారమనియుఁ గాళిదాసు వర్ణించెను. ఇది కేవలకవిసమయమనువారు గలరు. ఆ మాట సగమే నిజము. హంసశబ్దమును లాటినునందలి ‘ఆన్సెర్’ శబ్దమును సజాతీయములు. రెండవదాని కర్థము పెద్దబాతు. తలపై రెండు నల్లని చారలుగల పెద్దబాతులు టిబెట్టునందును లడఖునందలి త్సో మొరిరి సరస్సునందును వేసవిలోఁ బిల్లలఁ జేసి, శరత్తున హిమాలయమును దాఁటి మన దేశమునకు వచ్చును. అవి 7,290 మీటర్ల యెత్తున నెగురుట పరికరములచేఁ గొలువఁబడినది. కావున నుత్తరదిశయు, గిరిలంఘనమును, శరదాగమనమును లోకదృష్టములే. అయితే యవి మరలిపోవుట వసంతముననే కాని యాషాఢమునఁ గాదు. కాలమును మార్చినది కవిసమయము. ఆ మార్పుచే మేఘునకుఁ దోడు సమకూర్చినది కాళిదాస ప్రతిభ. క్షీరనీరవివేక మారోపితము. వ్యాఖ్యాత సర్వమును గల్పన యనక, సర్వమును సత్యమనక, యీ విభాగమును విద్యార్థికిఁ జూపవలెను. అప్పుడే కవి చూచినదియుఁ, గూర్చినదియు వేఱువేఱుగాఁ దెలియును.